ఉదయగిరిలో మకాం పెట్టి మూడు రోజులు: దుర్గం, ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన, పెంచలకోన ఎట్టా సర్దాల?

పెన్నాగట్టు
అందరికీ నమస్తే. డిసెంబరు రెండో శుక్రవారం నుంచి మూడు రోజులు ఉదయగిరి చుట్టుపక్కల తిరగాలని ప్లాను. నెల్లూరు నుంచి రెండు కార్లు, అందులో ఒకటి సెడాన్. మొత్తం ఎనిమిది మంది. 65 ఏళ్ల పెద్దామె ఒకరు, పన్నెండేళ్ల లోపు పిల్లలు ముగ్గురు. దుర్గం ఎక్కాలి, ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన, సోమశిల, పెంచలకోన చూడాలి. వీలయితే రాపూరు–చిట్వేలి ఘాట్ కూడా. ఏ రోజు ఏది పెట్టుకుంటే బాగుంటుంది? పెద్దామె ఎక్కడివరకు రాగలరు?

ఆత్మకూరు_బస్టాండు
మూడు రోజుల్లో ఆరు చోట్లంటే కారు అద్దంలోంచే దణ్ణం పెట్టుకుని రావాల. ముందు పెంచలకోన, రాపూరు ఘాట్ కొట్టేయండి. అవి ఉదయగిరి పక్క కాదు. మ్యాపులో అంతా వెలిగొండ కొండలే గదా అని కనిపిస్తాది గానీ, మధ్యలో పెన్నానది ఉండాది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు, సంగం వచ్చి, బ్యారేజీ మీద నది దాటి, పొదలకూరు, రాపూరు మీదుగా కోనకు పోవాల. ఎటు తిప్పినా నూరు కిలోమీటర్లు దాటుతాది. నెల్లూరు నుంచి కోనకు నేరుగా పోతే ఎనభై లోపే. అది ఇంకో ఆదివారం పని.

2022లో సంగం బ్యారేజీ మీద రోడ్డు తెరిచాక ఆ దారి మెరుగయింది నిజమే. అయినా పిల్లలతో కారులో నాలుగు గంటలు కూర్చోబెట్టి, చివరికి గుడి ముందు క్యూలో నిలబెట్టడం ఎందుకు?

కోన_శనివారం
పై మాటకు ఒకటి కలుపుతా. పెంచలకోనకు ఎప్పుడు పోయినా శనివారం వద్దు. శనివారం రాత్రి కొండ దగ్గర నిద్ర చేసే మొక్కు చాలామందికి ఉంది, ఆ రోజు రద్దీ వేరు. జలపాతం కోసం పోయేవాళ్లు మామూలు రోజున పొద్దున్నే పోవాల. గుడి వెనక అడవిలోకి నడిచే దారి పెనుశిల నరసింహ అభయారణ్యంలోది, అటవీ సిబ్బందిని అడక్కుండా లోపలికి పోవద్దు. వానలు పడ్డాక కొన్ని రోజులు ఆపేస్తారు, అప్పుడు వాళ్లతో వాదించి లాభం లేదు. అమ్మవారి గుడి వాగుకు అవతల ఉంటుంది, అది మాత్రం మరిచిపోవద్దు.

దుర్గం_తూర్పుదారి
ఇక దుర్గం సంగతి. దీన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. కొండ ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు. ఊరే కాస్త ఎత్తులో ఉంది గనక ఎక్కాల్సింది అంతకంటే తక్కువే. అయినా మామూలు మనిషి నిటారు దారిలో గంటకు మూడు వందల మీటర్ల ఎత్తుకు మించి ఎక్కలేడు. పిల్లలుంటే అందులో మూడో వంతు తీసేయండి. పైకి మూడు గంటలు, పైన గంట, దిగడానికి రెండు గంటల పైన. అంటే ఆరు గంటల పని. పొద్దున ఆరుకు కొండ మొదట్లో ఉండాల. "టిఫిను తిని పోదాం" అంటే తొమ్మిదవుతుంది, తొమ్మిదికి మొదలుపెట్టినవాళ్లు పన్నెండు గంటల ఎండకు రాతి మీద దొరికిపోతారు. డిసెంబరే గదా అనుకోవద్దు, రాయి కాలిందంటే కింద నుంచి వేడి, పై నుంచి వేడి.

వెనక్కి తిరిగే టైము ముందే పెట్టుకోండి. పదిన్నర అనుకుంటే పదిన్నరే. శిఖరం ఇంకో పది నిమిషాల్లో ఉన్నట్టు కనిపించినా తిరగాల్సిందే, ఎందుకంటే కొండ మీద కనిపించే మొదటి శిఖరం శిఖరం కాదు, దాని వెనక ఇంకోటి ఉంటుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పిల్లలకు రెండు. పైన కోనేళ్లలో నీళ్లు కనిపిస్తాయి, అవి తాగేవి కావు. సగం నీళ్లు అయిపోయినచోట ఎక్కడం ఆపేయాల, ఎందుకంటే దిగేటప్పుడు కూడా అంతే దాహం అవుతుంది.

పెద్దామె గురించి అడిగారు. మెట్ల మొదట్లో ఓ ఇరవై నిమిషాలు నడిచి నీడలో కూర్చోవడం వరకు సరే. ఎక్కడం కంటే దిగడం మోకాళ్లకు చేటు. పైకి పోయి "నేనిక దిగలేను" అంటే మోయడానికి నలుగురు కావాల, ఆ దారిలో నలుగురు పక్కపక్కన నడవలేరు.

రాయలకాలం
ఆ చివరి వాక్యం చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే ఇదే మాట పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ కూడా రాశాడు. ఉదయగిరికి ఒక్కొక్కరుగా తప్ప పోలేని ఇరుకు దారి ఒక్కటే ఉండేదట. కృష్ణదేవరాయలు ఆ దారిని వెడల్పు చేయించి, బండలు పగలగొట్టించి ఇంకా దారులు వేయించాడట. ముట్టడి ఏడాదిన్నర పట్టింది, 1514లో కోట ఒడిశా గజపతి రాజుల చేతుల్లోంచి పోయింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే రాయలు హంపీకి తీసుకెళ్లి కృష్ణాలయం కట్టి ప్రతిష్ఠించాడు. ఆ గుడి హంపీలో ఇప్పటికీ ఉంది.

చూసేవాళ్లకు పనికొచ్చే మాట ఇంకోటి. మొదట్లో ఇక్కడ కోటలు పదమూడు, కొండ మీద ఎనిమిది, కింద అయిదు. పడమటి వైపు దాదాపు వెయ్యి అడుగుల నిలువు బండ, అటు గోడే అక్కర్లేదు. అందుకే కట్టడాలన్నీ తూర్పు దారిని కాపలా కాసేట్టు ఉంటాయి. ఎక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి చూడండి, మీరు వచ్చిన దారి మొత్తం పై గోడలోంచి కనిపించేట్టే కట్టారని తెలుస్తుంది. పైన మసీదులు, గుళ్లు, గోడల శిథిలాలు ఉన్నాయి. పడమటి అంచు దగ్గర ఫొటోల కోసం నిలబడొద్దు, అక్కడ గడ్డి కింద రాయి ఎక్కడ అయిపోతుందో కనిపించదు.

పెన్నాగట్టు
బాగా అర్థమయింది. పెంచలకోన, ఘాట్ తీసేస్తున్నా. దుర్గానికి మనిషిని తోడు తీసుకోవాలా?

దుర్గం_తూర్పుదారి
తీసుకోవాల. దారి కనిపించదని కాదు, మేకల దారులు జాస్తి. వానల తర్వాత కంప పెరిగి అసలు దారి మూసుకుపోతే, మేకల దారే అసలు దారిలా కనిపిస్తుంది. అది ఏదో బండ దగ్గరికి పోయి ఆగిపోతుంది. ఊళ్లో అడిగితే కొండ తెలిసినవాళ్లు దొరుకుతారు. కూలి ముందే మాట్లాడుకోండి, ఆయనకూ నీళ్లు, తిండి మీరే పట్టుకుపోండి.

పొగ వేయడం, సెంటు కొట్టుకోవడం రెండూ వద్దు. బండల కింద తేనెపట్టులు ఉంటాయి. తేనెటీగలు లేస్తే చేతులు ఊపకుండా, నిలబడకుండా, ముఖం గుడ్డతో కప్పుకుని దూరంగా పోవాల. నీళ్లలోకి దూకడం పనికిరాదు, పైకి వచ్చేదాకా అవి కాచుకుని ఉంటాయి.

పామూరోడు
భైరవకోన గురించి మావైపు నుంచి. ఒంగోలు నుంచి వచ్చేవాళ్లకు పొదిలి, కనిగిరి, పామూరు, చంద్రశేఖరపురం దారి. మీరు ఉదయగిరి నుంచి గనక సీతారామపురం మీదుగా రండి. మ్యాపులో ఒట్టి "సీతారామపురం" అని కొడితే రాష్ట్రంలో ఇంకెక్కడికో పట్టుకుపోతుంది, ఆ పేరుతో ఊళ్లు బోలెడు. "ఉదయగిరి" కూడా అంతే, ఒడిశా గుహల ఫొటోలు చూసి ఇక్కడికి వచ్చి "గుహలేవి?" అని అడిగేవాళ్లున్నారు. రాత్రే ఫోనులో మ్యాపు దించి పెట్టుకోండి, కొండల మధ్య సిగ్నలు మీద నమ్మకం పెట్టుకోవద్దు. పెట్రోలు ఉదయగిరిలోనే కొట్టించండి. చేతిలో చిల్లర నోట్లు ఉంచుకోండి.

ఒకే కొండబండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు ఇవి. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. దీనివల్ల మీకొచ్చే లాభం ఏందంటే, పొద్దున తొమ్మిది లోపల వస్తే ఎండ నేరుగా గుహల్లో పడుతుంది. స్తంభాల అడుగున చెక్కిన సింహాల జూలు, ద్వారపాలకుల తలపాగా, అన్నీ నీడ తేలి కనిపిస్తాయి. మధ్యాహ్నం రెండుకు వస్తే కొండ నీడలో అంతా ఒకే బూడిద రంగు. పగలంతా ఉదయగిరిలో గడిపి సాయంత్రం భైరవకోన పెట్టుకునేవాళ్లు సగం చూసి పోతారు.

జలపాతం నీళ్లు రెండు వందల అడుగుల పైనుంచి పడతాయి. డిసెంబరులో బాగుంటాయి, మన కొండలకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనమే. మే నెలలో వచ్చి "జలపాతం అని చెప్పి దారం చూపించారు" అని తిట్టడం దండగ.

జారుడుబండ
ఆ నీళ్ల గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ధార సరిగ్గా పడేచోట తల పెట్టి నిలబడొద్దు. వాన తర్వాత పైనుంచి చిన్న రాళ్లు కూడా కొట్టుకొస్తాయి. అరవై మీటర్ల నుంచి గోలీ అంత రాయి పడినా కిందికి చేరేసరికి గంటకు నూరు కిలోమీటర్ల దరిదాపు వేగం ఉంటుంది. ధారకు పక్కన, తుంపర పడేచోట తడిస్తే చాలు.

రెండోది పాచి. తడి బండ రెండు రకాలు. గరుగ్గా, కాస్త తెల్లగా ఉన్నది కాలు పడుతుంది. నల్లగా నిగనిగలాడేది, అంచున పచ్చటి గీత ఉన్నది పాచి పట్టిన బండ. దాని మీద హవాయి చెప్పులు, అరిగిన బూట్లు, ఒట్టి కాలు, ఏదైనా ఒకటే. అడుగు పూర్తిగా ఆనించి, మోకాలు కాస్త వంచి, అంగలు చిన్నవిగా వేయాల. మడమ ముందు పెట్టినవాడే పడేది. జారేటట్టుంటే కూర్చుని దిగండి, ప్యాంటు చిరిగితే నూరు రూపాయల కుట్టుకూలి.

మూడోది, ఉన్నట్టుండి వచ్చే వాగు. మన నెత్తిన ఎండ కాస్తున్నా, కొండ అవతల వాన పడితే ఆ నీళ్లు కోనలోకే వస్తాయి. ముందుగా తెలిసేది మూడింటితో: తేటగా ఉన్న నీళ్లు ఎర్రబారడం, ఆకులు పుల్లలు ఒక్కసారిగా ఎక్కువ కావడం, హోరు పెరగడం. ఇందులో ఒక్కటి కనిపించినా చెప్పులు, ఫోన్లు, టవళ్లు వెతుక్కోకుండా పక్కకు, ఎత్తుకు పోవాల. వాగు వెంట కిందికి పరిగెత్తితే నీళ్లే గెలుస్తాయి.

పామూరోడు
నూటికి నూరుపాళ్లు నిజం. వాయుగుండం హెచ్చరిక ఉంటే ప్రయాణం మార్చుకోండి. కొండదారి కంటే మధ్యలో చప్టాలే ప్రమాదం. చప్టా మీద అడుగు నీళ్లు పారుతుంటే చిన్న కారు టైర్లు తేలడం మొదలవుతుంది, రెండడుగులంటే కొట్టుకుపోతుంది. ముందు బస్సు దాటింది గదా అని కారు దించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. బస్సు బరువు వేరు.

సీతమ్మక్క
ఘటిక సిద్ధేశ్వరం అందరూ మరిచిపోయారే! పెద్దామెకు అన్నిట్లోకీ సుళువైంది అదే. సీతారామపురం నుంచి అడవిలోకి పోతే సిద్ధేశ్వరస్వామి గుడి, చల్లగా చెట్లు, అవధూత కాశినాయన పేరుతో అన్నదానం. పెద్దామెను భైరవకోనలో గుహల వరకు తీసుకుపోండి, నీళ్ల దగ్గరికి వద్దు. వచ్చేటప్పుడు మధ్యాహ్నానికి సిద్ధేశ్వరంలో పంక్తిలో కూర్చోబెడితే ఆమెకు ఆరోజు నిండినట్టే. విస్తరి ముందు కూర్చున్నాక ఎంత తినగలిగితే అంతే పెట్టించుకోండి, పిల్లలకు ముందే చెప్పండి.

కోతులకు ఏమీ పెట్టకండి. పెడితే చేతిలోది అయిపోయాక సంచీ లాక్కుంటాయి. చిప్సు ప్యాకెట్టు చప్పుడు వాటికి పిలుపు. పులిహోరైనా పెరుగన్నమైనా స్టీలు డబ్బాలో పెట్టుకుని, కారు అద్దాలు ఎక్కించుకుని తినండి.

ఆత్మకూరు_బస్టాండు
అక్కా, ఆ రోడ్డులో సెడాన్ పోతుందా?

సీతమ్మక్క
పోతుంది, నింపాదిగా పోతే. అయిదుగురిని ఎక్కించి డిక్కీ నిండా సామాను పెడితే అడుగు తగులుతుంది. పెద్దలు ఇద్దరు, పిల్లలు సెడాన్‌లో, మిగతావాళ్లూ సామానూ రెండో కారులో పెట్టండి. కాలికి నడక మొదలయ్యేచోట గుట్ట మీదికి ఎక్కించి పార్కు చేయొద్దు, వాన పడితే అక్కడ మట్టి బురదై దిగబడుతుంది.

బ్రేకు_వాసన
పెంచలకోన కోసం ఎవరైనా ఇంకో రోజు రాపూరు–చిట్వేలి ఘాట్ పోతే, వాళ్ల కోసం. ఎక్కిన గేరులోనే దిగాల. రెండో గేరులో ఎక్కారా, రెండో గేరులోనే దిగండి. ఆటోమేటిక్ కారయితే 'ఎల్' లోకి మార్చండి. కాలు బ్రేకు మీదే పెట్టుకుని దిగితే ప్యాడ్లు వేడెక్కి, కాలిన రబ్బరు వాసన వస్తుంది, ఆ తర్వాత పెడలు మెత్తబడి కిందికి పోతుంది. వాసన రాగానే వెడల్పుగా ఉన్నచోట ఆపి, గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, ఇరవై నిమిషాలు ఊరికే ఉండండి. డిస్కు మీద నీళ్లు పోయొద్దు, ఒక్కసారిగా చల్లబడి వంకరపోతుంది, ఆ తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. మలుపుకు ముందే హారను, మలుపులో ఓవర్‌టేకు లేదు, ఎక్కే బండికి దారి ఇవ్వాల.

అటు ఎర్రచందనం తనిఖీలు ఉంటాయి. పిల్లలు దారిలో ఏరిన ఎర్రటి కట్టెముక్క కూడా కారులో ఉండకూడదు. "ఆటవస్తువు సార్" అంటే కుదరదు.

కండలేరు_కట్ట
రాపూరు వైపు పోతే కండలేరు కట్ట కూడా చూడండి. దాదాపు 11 కిలోమీటర్ల మట్టికట్ట, 68 టీఎంసీల నీళ్లు. తెలుగుగంగలో చెన్నైకి పోయే నీళ్లు ఇక్కడినుంచే. సోమశిల 78 టీఎంసీలు, పెన్నా మీదే. రెండూ నిండినప్పుడు ఒకటి చూస్తే ఒకటి చూసినట్టు కాదు. సోమశిలలో కొండల మధ్య నీళ్లు, కండలేరులో కనుచూపు మేర కట్ట. గేట్లు ఎత్తిన రోజు కిందివైపు ఏటిలోకి ఎవరూ దిగొద్దు.

పెన్నాగట్టు
చాలా థ్యాంక్స్ అందరికీ. ఇట్టా అనుకుంటున్నా: శుక్రవారం పొద్దున బయల్దేరి ఆత్మకూరు, అనంతసాగరం మీదుగా సోమశిల చూసుకుని సాయంత్రానికి ఉదయగిరి. శనివారం దుర్గం. ఆదివారం తెల్లవారుజామునే భైరవకోన, మధ్యాహ్నం సిద్ధేశ్వరం, అక్కడినుంచి నెల్లూరు. దుర్గం ఎక్కని ముగ్గురు శనివారం ఊళ్లో ఏం చేయాలి?

ఆత్మకూరు_బస్టాండు
ఇది నిలబడే ప్లాను. డిసెంబరులో 5:40కే పొద్దు గూకుతాది, ఆదివారం సిద్ధేశ్వరంలో రెండున్నరకు లేచిపోవాల. లేకపోతే అడవిదారి చీకట్లో పడతాది.

గరిటె_చెక్క
ఊళ్లో ఉండేవాళ్లు చెక్క గరిటెలు చూడాల. ఉదయగిరి చెక్క స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. నర్ది, బిక్కి లాంటి కట్టెతో చేస్తారు. కొనేటప్పుడు గరిటెను వెలుతురుకు అడ్డం పట్టి, కాడ పొడవునా కట్టె గీత చూడండి. గీత కాడ వెంట నేరుగా పోతే గట్టిది. కాడను అడ్డంగా కోసుకుంటూ పోతే అక్కడే విరుగుతుంది. గిన్నె భాగం లోపల వేలు తిప్పితే ఆకురాయి గీతలు తగలకూడదు, తగిలితే గరుకు కాగితం సరిగా పట్టలేదు, పప్పు అందులో ఇరుక్కుంటుంది. కాడ చివర పువ్వులాగా, దువ్వెనలాగా చెక్కినవి అందమే గానీ పులుసు తిప్పడానికి సాదావి కొనండి.

ఇంటికి తెచ్చాక మొదటి రోజు కొబ్బరినూనె పూసి రాత్రంతా వదిలేయండి. రాత్రంతా సింకులో నానబెడితే ఉబ్బి, ఎండినాక పగులుతుంది. కడిగి, తుడిచి, నీడలో నిలబెట్టండి.

పెన్నాగట్టు
పెద్దామెకు ఈ పని నచ్చుతుంది. రంగనాయకుల గుడి కూడా ఊళ్లోనే గదా?

సీతమ్మక్క
ఊళ్లోనే. పొద్దున గుడి, తర్వాత గరిటెలు. కొండ ఎక్కినవాళ్లు దిగేసరికి వాళ్లకు వేడి అన్నం చెప్పి పెట్టమనండి, మధ్యాహ్నం మూడు దాటాక చిన్న హోటళ్లలో గిన్నెలు బోర్లిస్తారు.